21-7, 21-7: ఒక గెలుపు పనితనం

మనవాళ్లను ఓడించి ఎవరైనా కప్పు ఎత్తుకుపోతే అభిమాని ముందుగా వెతుక్కునేది డ్రా కాగితాన్ని. దారిలో ఎవరు తగిలారు, ఎవరు అసలు రాలేదు, ఎవరు ముందే ఇంటికి పోయారు, ఎవరికి మోకాలు పట్టేసింది అని ఆరా తీస్తాడు. 2017 ఆగస్టు 27న గ్లాస్గోలో ప్రపంచ బ్యాడ్మింటన్ ఫైనల్ ముగిసిన రాత్రి, పులికాట్ ఒడ్డున సూళ్లూరుపేట, తడ వైపు టీ అంగళ్ల దగ్గర కూడా ఇదే మాట నడిచింది. "తై జు యింగ్ వచ్చుంటే ఆ జపాన్ పిల్లకు కప్పు దక్కేదా అన్నా?" 110 నిమిషాల పోరాటంలో పి.వి. సింధు 19-21, 22-20, 20-22తో నొజోమి ఒకుహర చేతిలో ఓడిపోయింది. రెండో గేమ్ చివర 73 షాట్ల ర్యాలీ గెలిచి కూడా ఓడింది. ఆ బాధ ఎక్కడో ఒకచోట దిగాలి. ఒకుహర కప్పు మీద దిగింది.

అన్నవాళ్ల మాటలో అబద్ధం లేదు. అప్పటి ప్రపంచ నంబర్ వన్ తై జు యింగ్ గ్లాస్గోకి రాలేదు. సొంతగడ్డ తైవాన్‌లో, తైపేలో జరిగిన విశ్వవిద్యాలయ క్రీడల్లో ఆడి స్వర్ణం గెలుచుకుంది. కానీ ఒకుహర ఆ వారం ఎవరెవరిని దాటిందో చూడాలి. క్వార్టర్స్‌లో రియో స్వర్ణం గెలిచిన కరోలినా మారిన్. సెమీస్‌లో లండన్ కాంస్యం గెలిచిన సైనా నెహ్వాల్. ఫైనల్లో రియో రజతం గెలిచిన సింధు. ఒలింపిక్ పతకాలున్న ముగ్గురిని వరసగా, ముగ్గురినీ మూడేసి గేముల్లో ఓడించింది. రానివాళ్ల జాబితా ఒకటే చదివితే ఈ పని మొత్తం కనపడకుండా పోతుంది.

రెండేళ్లు తిరిగేసరికి మాట మనవైపు తిరిగింది. 2019 ఆగస్టు 25న స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో సింధు అదే ఒకుహరను 21-7, 21-7తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయింది. బ్యాడ్మింటన్‌లో ఆ పట్టం గెలిచిన తొలి భారతీయ క్రీడాకారిణి మన తెలుగమ్మాయి. ఈసారి అడిగినవాళ్లు అవతలివాళ్లు: మారిన్ ఉండుంటే? అడగడానికి వాళ్లకు కారణం ఉంది. రియో ఫైనల్లో, 2018 నాన్‌జింగ్ ప్రపంచ ఫైనల్లో సింధును ఓడించింది మారిన్‌. 2019 జనవరిలో జకార్తాలో, సైనాతో ఫైనల్ ఆడుతూ 10-4 ఆధిక్యంలో ఉండగా మోకాలి లిగమెంట్ తెగి కూలబడింది. డిఫెండింగ్ ఛాంపియన్ లేకుండానే బాసెల్ టోర్నీ జరిగింది. పైగా టాప్ సీడ్ అకానె యమగుచి తన మొదటి మ్యాచ్‌లోనే సింగపూర్ అమ్మాయి యో జియా మిన్ చేతిలో ఓడింది. ఒకుహర సెమీస్‌లో రచనోక్ ఇంతనోన్‌తో మూడు గేములు ఆడి అలసిపోయిందన్నారు. ఫైనల్ 38 నిమిషాల్లో తేలిపోయింది. ఇన్ని కలిసొస్తే ఎవరైనా గెలుస్తారు అన్న మాట నేనూ విన్నాను.

నాకు ఆ 38 నిమిషాలంటే చాలా ఇష్టం. అందులో సులువు ఉన్నమాట నిజమే. ఆ సులువు ఎలా తయారైందో చూపించాలనే ఈ వ్యాసం.

ముందు డ్రా సంగతి. సీడింగ్ అన్నది చాలా తెలివైన ఏర్పాటు. ఒకటో సీడ్ పట్టిక పైఅంచున, రెండో సీడ్ కిందిఅంచున ఉంటారు. మూడు, నాలుగు సీడ్‌లను చీటీ తీసి చెరో సగంలో వేస్తారు. అయిదు నుంచి ఎనిమిది దాకా ఉన్నవాళ్లు పావుకొకరు పడతారు. బలమైనవాళ్లు మొదటి రోజే ఒకరినొకరు తినేయకుండా చేసే కట్టడి ఇది. మిగిలింది చీటీ చేతిలో. టెన్నిస్‌లో 2001 వింబుల్డన్ నుంచి గ్రాండ్‌స్లామ్‌లలో సీడ్‌లను 16 నుంచి 32కు పెంచారు. పెద్ద ఆటగాళ్లకు తొలి రెండు రౌండ్లలో రక్షణ ఇంకాస్త పెరిగింది. ఆ రక్షణ లేనిది సీడ్ దక్కనివాళ్లకే. ‘ఈజీ డ్రా’ గురించి వాదించేటప్పుడు వాళ్లను ఎవరూ తలుచుకోరు.

మా పులికాట్ సరస్సులో ‘పాడు’ అనే కట్టుబాటు ఒకటుంది. రొయ్య బాగా పడే చోట్లు కొన్నే ఉంటాయి కాబట్టి, ఎవరు ఎప్పుడు ఎక్కడ వల కట్టాలన్నది వంతుల మీద, చీట్ల మీద తేల్చుకుంటారు. బలమున్నవాడు మంచి చోటు ఆక్రమించుకోకుండా పెద్దలు వేసిన కట్టడి అది. ఆ వంతులో చోటే లేనివాళ్లు కొందరు బయట మిగిలిపోయిన బాధ కూడా దానితో పాటే ఉంది. మంచి చోటు వంతుకు రావడం అదృష్టమే. అయినా గుంజ సరిగా దిగకపోతే, పోటూ పాటూ చూసుకోకుండా వల కడితే ఆ చోటు చేతికిచ్చేది ఏమీ ఉండదు. సరస్సు పక్కన పెరిగినవాణ్ణి కాబట్టి డ్రా అనగానే నాకు పాడే గుర్తొస్తుంది. చోటు ఎలా వచ్చిందన్నది ఒక ప్రశ్న, వల ఎలా కట్టారన్నది ఇంకో ప్రశ్న.

బాసెల్ పట్టికను చేతిలో పట్టుకుని నిదానంగా చూద్దాం. సింధు అయిదో సీడ్. రెండో సీడ్ తై జు యింగ్ ఉన్న సగంలో, ఆమె ఉన్న పావులోనే పడింది. అంటే టాప్ సీడ్ యమగుచి ముందే ఓడిపోవడం వల్ల దారి తెరుచుకున్నది సింధుకు కాదు. అది అవతలి సగం సంగతి. ఫైనల్ దాకా సింధు దారిలో ఉండాల్సినవాళ్లు ఒక్కరూ తప్పుకోలేదు. తొలి రౌండ్‌లో బై వచ్చింది. తర్వాత తైవాన్ అమ్మాయి పై యు పో మీద 21-14, 21-15. ప్రిక్వార్టర్స్‌లో అమెరికా తరఫున ఆడే బీవెన్ ఝాంగ్ మీద 21-14, 21-6. ఇంతవరకు సాఫీ. ఆ తర్వాత రెండో సీడ్, నాలుగో సీడ్, మూడో సీడ్ వరసగా ఎదురయ్యారు. అయిదో సీడ్‌కు ఇంతకన్నా కష్టమైన చివరి మూడు మ్యాచ్‌లు కావాలంటే మూడో సీడ్ బదులు ఒకటో సీడ్‌ను పెట్టాలి. అంతే తేడా.

క్వార్టర్స్‌లో తై జు యింగ్‌తో 71 నిమిషాలు పట్టింది. తై ఆటలో మణికట్టుదే రాజ్యం. చేయి ఒకే తీరుగా పైకి లేస్తుంది. షటిల్ వెనక మూలకు పోతుందో, నెట్ పక్కన రాలుతుందో, అడ్డంగా జారుతుందో ఆఖరి క్షణం దాకా తెలియదు. అటువంటి ఆటకు పొడుగైన మనుషులు తొందరగా దొరికిపోతారు. 5 అడుగుల 10 అంగుళాల మనిషి తప్పుడు వైపు ఒక అడుగు వేస్తే, ఆ శరీరాన్ని మళ్లించుకునేలోపు పాయింటు పోతుంది. మొదటి గేమ్ 12-21తో అలాగే పోయింది. రెండో గేమ్ 20-20 దాటి 21-21కి వచ్చింది. అక్కడ ఇంకో రెండు పాయింట్లు తైకి వెళ్లుంటే బాసెల్ కథ క్వార్టర్స్‌లోనే ముగిసేది. సింధు 23-21తో నిలబెట్టుకుంది. మూడోది 21-19. ప్రపంచ ఛాంపియన్‌షిప్ అక్కడ గెలిచిందనే నా లెక్క. మర్నాడు సెమీస్‌లో చెన్ యుఫెను 21-7, 21-14తో ఓడించింది. చెన్ అయిదు నెలల కిందటే ఆల్ ఇంగ్లండ్ గెలిచి వచ్చింది, రెండేళ్ల తర్వాత టోక్యోలో ఒలింపిక్ స్వర్ణం గెలవబోయేది కూడా ఆమే.

ఇక ఫైనల్. ఇక్కడ నిదానంగా నిలబడి చూడాల్సింది చాలా ఉంది.

ఒకుహర ఆటను అర్థం చేసుకోకపోతే సింధు చేసిన పని అందదు. బ్యాడ్మింటన్ నెట్ కొసల దగ్గర 1.55 మీటర్ల ఎత్తు ఉంటుంది. ఒకుహర ఎత్తు దాదాపు అంతే. అంత పొట్టి మనిషి పైనుంచి నిటారుగా కొట్టలేదు కాబట్టి వేరే విద్య నేర్చుకుంది. ఏ షటిలూ నేల తాకనివ్వదు. వెనక మూలల్లోకి ఎత్తుగా, లోతుగా లేపుతుంది. ఎదుటి మనిషి స్మాష్ కొడుతుంది, ఆమె తీసి మళ్లీ అదే మూలకు పంపుతుంది. ఇంకో స్మాష్, ఇంకోసారి మూలకు. కోర్టు చివరి నుంచి కొట్టిన స్మాష్ నెట్ దాటేసరికే వేగం తగ్గిపోతుంది. పదో స్మాష్‌కు కొట్టే భుజంలో బలం తగ్గుతుంది, కాలు అరక్షణం ఆలస్యంగా కదులుతుంది. తప్పు అప్పుడు వస్తుంది. గ్లాస్గోలో జరిగింది ఇదే. అక్కడ రెండు వైపులా కలిపి 124 పాయింట్లు ఆడారు. విరామాలు కలుపుకొని 110 నిమిషాలు. సగటున పాయింటుకు 53 సెకన్లు. ఆ గడియారం ఒకుహరది.

బాసెల్‌లో 56 పాయింట్లు, 38 నిమిషాలు. పాయింటుకు 41 సెకన్లు కూడా లేదు. గడియారం చేతులు మారింది.

మొదటి పాయింటు చూస్తే అది మారబోతోందని ఎవరూ అనుకోరు. 22 షాట్ల ర్యాలీ ఆడి ఒకుహర గెలిచింది. గ్లాస్గో మళ్లీ మొదలైందనిపించే క్షణం అది. అలాంటి ర్యాలీ పోగానే చాలామంది జాగ్రత్తలో పడతారు, షటిల్‌ను మధ్యలో పెట్టుకుని ఆడతారు. సింధు ఆ తర్వాత వరసగా ఎనిమిది పాయింట్లు తీసుకుంది. 0-1 కాస్తా 8-1 అయింది. విరామానికి 11-2. ఆ తర్వాత 16-2.

ఆ పదహారు పాయింట్లలో ఉన్న పని ఇది. షటిల్ కిందికి దిగేదాకా ఆగలేదు. నెట్ దగ్గర ఎత్తులో ఉండగానే అందుకుంది. నెట్ దగ్గర షటిల్ ఎత్తులో దొరికితే ఎదుటివాళ్లకు రెండే దారులు: కిందనుంచి లిఫ్ట్ చేయడం, లేదంటే నెట్‌కు కొట్టుకోవడం. లిఫ్ట్ చేసినా అది కావలసినంత లోతుకు పోదు. ఒకుహర లిఫ్ట్‌లు గ్లాస్గోలో వెనక గీత మీద పడేవి. ఇక్కడ కోర్టు నడుమకే ఆగిపోయాయి. సింధు స్మాష్ వెనక గీత నుంచి బయల్దేరడానికీ, నడుమ నుంచి బయల్దేరడానికీ మధ్య తేడా ఒకటి రెండు మీటర్లే. కానీ ఆ దూరంలోనే ఒకుహర విద్య అంతా ఉంది. నడుమ నుంచి వచ్చే స్మాష్ వేగం పోగొట్టుకోదు, ఏటవాలు కూడా ఎక్కువ. ఒకుహర తీయగలిగిన షటిల్ కాదది.

స్మాష్‌లను పెట్టిన చోట్లూ గమనించాలి. సింధు అంటే క్రాస్‌కోర్ట్ స్మాష్ అని అందరికీ తెలుసు, ఒకుహరకు మరీ తెలుసు. బాసెల్‌లో గీత వెంబడి నేరుగా కొట్టినవి, ఒంటి మీదికి కొట్టినవి వాటితో కలిసి వచ్చాయి. ఒంటి మీదికి వచ్చే షటిల్‌ను ఎంత చురుకైన పాదాలున్నవాళ్లయినా పాదాలతో తీయలేరు. రాకెట్‌ను శరీరం ముందుకు తెచ్చుకోవడానికి చోటుండాలి. ఒకుహర పెద్ద ఆస్తి పాదాలు, ఆ ఆస్తికి పనిలేకుండా చేసింది సింధు. స్మాష్ కొట్టాక ఆమె నిలబడిపోలేదు కూడా. వెంటనే ముందుకు వచ్చి, అరకొరగా తిరిగొచ్చిన షటిల్‌ను నెట్ మీదే తట్టేసింది. వెనక నుంచి ముందుకు ఆ రెండడుగుల పరుగు స్కోరు కాగితంలో ఎక్కడా కనపడదు. నాకు ఆ మ్యాచ్‌లో అన్నిటికన్నా నచ్చింది అదే.

ఇదంతా ఆ పూట ఒంటికి కలిసొచ్చి జరిగిపోయింది కాదు. ఆ ఏడాదే ఏప్రిల్‌లో సింగపూర్ ఓపెన్ సెమీస్‌లో ఇదే ఒకుహర సింధును 21-7, 21-11తో చిత్తు చేసింది. అప్పుడు ఏడు పాయింట్లు సింధువి. జులైలో జకార్తాలో ఇండోనేసియా ఓపెన్ క్వార్టర్స్‌లో సింధు 21-14, 21-7తో గెలిచింది. ఆగస్టులో బాసెల్. ఈ మూడు స్కోర్లనూ వరసగా పెట్టి చూస్తే ఒక మనిషి తన ఆటను నాలుగు నెలల్లో విప్పి మళ్లీ కుట్టుకోవడం కనిపిస్తుంది. ఆ నెలల్లో గోపీచంద్ అకాడమీలో సింధు ఆటను చక్కబెట్టినవాళ్లలో కొరియా కోచ్ కిమ్ జి హ్యున్ ఒకరు. నెట్ దగ్గరి ఆట మీద, ఒకేరకంగా కొట్టే అలవాటు మీద ఆమె పనిచేసింది. గెలిచాక సింధు ఆమె పేరు చెప్పి కృతజ్ఞత తెలిపింది.

అలసట సంగతి కూడా తేల్చాలి, ఎందుకంటే వాదనలో బాగా నిలబడేది అదే. ఒకుహర సెమీస్‌లో మూడు గేములు ఆడిన మాట నిజం. గ్లాస్గోలో కూడా ఆమె క్వార్టర్స్‌లో మూడు, సెమీస్‌లో మూడు గేములు ఆడి వచ్చింది. ఆ కాళ్లతోనే ఫైనల్లో 110 నిమిషాలు నిలబడి గెలిచింది. కాబట్టి అలసట ఒకటే 21-7ను వివరించలేదు. ఒకుహరను 16-2 దాకా ఊపిరి తీసుకోనివ్వకుండా ఆడినవాళ్లు అంతకుముందు ఎంతమంది? రెండో గేమ్‌లో కూడా విరామానికి 11-4. మొత్తం మీద ఒకరికి 42 పాయింట్లు, ఒకరికి 14. ప్రపంచ ఫైనల్లో మూడో సీడ్ మీద మూడింతల పాయింట్లు.

మారిన్ ఉండుంటే ఏమయ్యేదో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. అది అడగకూడదని కూడా అనను. ఆట మీద ప్రేమ ఉన్నవాడికే అలాంటి ప్రశ్నలు పుడతాయి. టెన్నిస్‌లో 2009 ఫ్రెంచ్ ఓపెన్‌లో రాబిన్ సోదర్లింగ్ నాలుగో రౌండ్‌లో రాఫెల్ నాదల్‌ను ఓడించినప్పుడు, ఆ కప్పు గెలిచిన రోజర్ ఫెదరర్‌ను ప్రపంచమంతా ఇదే అడిగింది. నాదల్ ఓడిన మర్నాడు ఫెదరర్ టామీ హాస్ మీద రెండు సెట్లు వెనకబడి లేచాడు. సెమీస్‌లో డెల్ పొట్రోతో అయిదు సెట్లు ఆడాడు. ఫైనల్లో సోదర్లింగ్‌ను మూడు సెట్లలో ముగించాడు. నాదల్‌ను ఓడించినవాణ్ణి ఓడించినా, ప్రశ్న మాత్రం ఇప్పటికీ ఆగలేదు.

నా మాటకు గట్టి పరీక్ష మన గుంటూరు కుర్రాడు కిదాంబి శ్రీకాంత్. 2021 డిసెంబరులో స్పెయిన్‌లోని వెల్వాలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. ఇండోనేసియా జట్టు మొత్తం తప్పుకుంది. జపాన్ ఆటగాడు కెంటో మొమోటా గాయంతో రాలేదు. ఒలింపిక్ ఛాంపియన్ విక్టర్ ఆక్సెల్సెన్ తొలి రౌండ్‌లోనే సింగపూర్ ఆటగాడు లో కీన్ యూ చేతిలో ఓడాడు. శ్రీకాంత్ క్వార్టర్స్‌లో నెదర్లాండ్స్ ఆటగాడు మార్క్ కాల్యావ్‌ను 21-8, 21-7తో దాటాడు. ఇది నిజంగానే తెరుచుకున్న డ్రా, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. అయినా సెమీస్‌లో లక్ష్యసేన్ మొదటి గేమ్ తీసుకున్నాక 21-14, 21-17తో శ్రీకాంత్ మ్యాచ్ తిప్పిన తీరు చూడండి. తొందర లేదు. నెట్ దగ్గర లక్ష్య వేగాన్ని కాస్త కాస్తగా తగ్గించి, తనకు కావలసిన చోట లిఫ్ట్ రాబట్టి, అప్పుడు కొట్టాడు. ప్రపంచ ఫైనల్ చేరిన తొలి భారత పురుషుడు అలా అయ్యాడు. ఫైనల్లో మొదటి గేమ్‌లో 9-3 ఆధిక్యంలో ఉండి, 15-21, 20-22తో లో కీన్ యూ చేతిలో ఓడాడు. డ్రా తెరుచుకున్నంత మాత్రాన ఆ ఫైనల్‌ను ఎవరూ అతని చేతిలో పెట్టలేదు. రజతాన్ని రజతంగానే చూస్తాను.

సైనా లండన్ కాంస్యం గురించి అన్న మాటలు మరీ మొరటువి. 2012 ఆగస్టు 4న చైనా అమ్మాయి వాంగ్ షిన్ మొదటి గేమ్ 21-18తో గెలిచి, మోకాలి గాయంతో రెండో గేమ్ మొదట్లోనే తప్పుకుంది. గాయం వల్ల వచ్చిన పతకం అన్నారు, సింధు అభిమానులు కొందరు ఇప్పటికీ అంటారు. ఆ మ్యాచ్ దాకా రావడానికి సైనా క్వార్టర్స్‌లో ఆల్ ఇంగ్లండ్ మాజీ ఛాంపియన్ టీనె బౌన్‌ను 21-15, 22-20తో ఓడించింది. ఆ రెండో గేమ్‌ను ఎవరూ చూసినట్టు లేదు. ఒకరి పతకాన్ని తగ్గించి ఇంకొకరి పతకాన్ని పెంచాలనుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు. ఇద్దరూ మన నేల మీద ఒకే అకాడమీలో పెరిగినవాళ్లు.

బాసెల్ తర్వాత నెలకే ఇంచియాన్‌లో కొరియా ఓపెన్ తొలి రౌండ్‌లో సింధు బీవెన్ ఝాంగ్ చేతిలో ఓడింది. బాసెల్ ప్రిక్వార్టర్స్‌లో రెండో గేమ్‌ను 21-6తో ఓడిపోయిన ఆ బీవెన్ ఝాంగే. ఇంచియాన్‌లో మొదటి గేమ్ సింధుదే, 21-7. రెండోది 22-24, మూడోది 15-21. గాలివాటం గెలుపు అన్నవాళ్లకు అప్పుడు ఊపు వచ్చింది. నాకేమో బాసెల్ విలువ ఇంకా పెరిగింది. ఆ ఆటను ప్రతి వారం నిలబెట్టడం ఎంత కష్టమో ఇంచియాన్ చూపించింది. మొదటి గేమ్‌లో ఉన్న అదే పనిని రెండో గేమ్ చివర రెండు పాయింట్ల దగ్గర కొనసాగించలేకపోతే మ్యాచ్ చేజారిపోతుంది. బాసెల్‌లో తై జు యింగ్ మీద 21-21 దగ్గర కొనసాగించగలిగింది.

కుర్రవాళ్లకు ఒక మాట. బాసెల్ ఫైనల్‌ను ఒక్కదాన్నే చూడొద్దు. సింగపూర్ సెమీస్ ముందు చూడండి, తర్వాత జకార్తా క్వార్టర్స్, ఆపైన బాసెల్. ఒకుహర లిఫ్ట్‌లు మూడు మ్యాచ్‌ల్లో ఎక్కడెక్కడ పడుతున్నాయో మాత్రమే గమనించండి, స్కోరు పట్టించుకోకండి. అది అయ్యాక గ్లాస్గోలో ఒకుహర, మారిన్ ఆడిన క్వార్టర్స్ కూడా చూడండి. ఆ కప్పును తక్కువ చేసి మాట్లాడినవాళ్లలో ఆ మ్యాచ్ చూసినవాళ్లు బహు కొద్దిమందే అని నా అనుమానం.